ముందుదెబ్బ

యుద్ధం వచ్చినప్పుడు కువైట్‌లో మనవాళ్లు ఏం చేశారయ్యా, మూటాముల్లె సర్దుకుని బస్సులెక్కడం తప్ప, అని ఈమధ్య రాయచోటి బస్టాండులో ఒకాయన నా ఎదుటే అన్నాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో పేపరు. నాకు ఒళ్లు మండింది. నా పేరు ఖాసిం వలి. సగం వయసు కువైట్‌లో కార్లు తోలి, మిగతా సగం అల్ రాయ్‌లో ఒక షెడ్డులో అవే కార్లు రిపేరు చేసి వచ్చినవాణ్ణి. కూర్చో స్వామీ, మద్దమ్మ సంగతి చెబుతాను, విని అప్పుడు మాట్లాడు అన్నాను. ఈలోపు ఆయన బస్సు వచ్చింది, ఎక్కి పోయాడు. చెప్పాలనుకున్నది కడుపులో ఉండిపోతే నాకు నిద్ర పట్టదు. అందుకని మీకు చెబుతున్నాను.

మద్దమ్మది లక్కిరెడ్డిపల్లె దగ్గర పల్లె. మొగుడు పాము కరిచి పోయాడు, వేరుశనగ చేను వరసగా ఎండిపోయింది, కడప ఏజెంటు చేతిలో వీసా దొరికింది, వచ్చేసింది. సాల్మియాలో మాకు వీసా ఇచ్చిన యజమానికి, అంటే మా కఫీల్‌కు నాలుగంతస్తుల బిల్డింగు ఉండేది. కింద వాళ్ల కుటుంబం, పైన బాడుగకు పరదేశీయులు. నేను ఆ ఇంటి డ్రైవరును, ఆమె ఆ ఇంటి పనామె. పొట్టి మనిషి, మంచి నలుపు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది లాంటి మాటలు నేను చెప్పను. నోరు మాత్రం పెద్దదే. చేపల బజారులో ఆమె వస్తుంటే అమ్మేవాళ్లు పాతచేపల మీద గోనెపట్టా కప్పేవాళ్లు. నన్ను కూడా వదిలేది కాదు. కారు కడగడం చూసి, "ఎనుమును కడిగినట్ల కడగతాండావేమబ్బా, అద్దాలు ఎవురు తుడస్తారు, మీ నాయనొచ్చి తుడస్తాడా?" అనేది. నాకంటే పెద్దది కాబట్టి నేను మద్దక్కా అనేవాణ్ణి, అంతే, పడి ఉండేవాణ్ణి.

ఇక్కడ మా ఆడవాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఊరి నుంచి కొత్తపిల్ల పనికి వస్తే, ముందునుంచి ఉన్న పనామె చేతికింద ఉండాలి. కళ్లు ఎత్తకూడదు, ఎదురు మాట్లాడకూడదు, ఏదడిగినా పెద్దామె జవాబు చెబుతుంది. కొత్తపిల్ల గాజుగిన్నె పగలగొట్టిందనుకోండి. మామాకు, అంటే ఇంటి యజమానురాలికి, కోపం వస్తుంది. ఆ చెయ్యి లేవకముందే పెద్దామె ముందుకొచ్చి ఆ పిల్లను ఒక్కటి వేస్తుంది. నాలుగు తిట్లు తిడుతుంది. మామా కోపం అక్కడికక్కడ చల్లారిపోతుంది, పోనీలే వదిలెయ్ అంటుంది. మామా చెయ్యి ఒకసారి అలవాటు పడితే ఆగదు. మన చేతి దెబ్బకైతే సాయంత్రం మనమే కొబ్బరినూనె రాస్తాం. దీన్నే మావాళ్లు ముందుదెబ్బ అనేవాళ్లు. ఇది గొప్ప పద్ధతి అని నేననడం లేదు. దరిద్రపు పద్ధతి. కానీ మద్దమ్మ చేతి ముందుదెబ్బ తిన్న పిల్లలు ఇప్పటికీ ఆమె పేరు చెబితే కళ్లు తుడుచుకుంటారు.

పై అంతస్తులో లొరెట్టా అనే అమెరికా ఆమె ఉండేది. అమెరికా వాళ్లంటే సున్నం కొట్టినట్టు ఉంటారని మేం అనుకునేవాళ్లం. ఈమె మద్దమ్మ కన్నా ఒక పిసరు ఎక్కువ నలుపే. యాభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, దగ్గర్లోని ఇంగ్లీషు బడిలో పుస్తకాల గది చూసుకునేది. నడిస్తే మెడ నిటారుగా, ఎవరితో మాట్లాడినా సూటిగా కళ్లలోకి చూసేది. ఆమె ఇల్లు ఊడ్చి తుడవడానికి మా కఫీల్ మద్దమ్మను పంపేవాడు. మొదటిరోజు మద్దమ్మ అలవాటు కొద్దీ మామా అని పిలిస్తే, ఆ మాట వద్దు, పేరు పెట్టి పిలువు అందట. ఒట్టి పేరు మద్దమ్మ నోట్లో తిరగక లొరెట్టమ్మా అంది. అదే ఖాయమైంది. టీ తాగేటప్పుడు మద్దమ్మను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గంట సేపు మాట్లాడుకునేవాళ్లు, ఏం మాట్లాడుకున్నారో దేవుడికే తెలియాలి.

ఫిబ్రవరి నెలను అమెరికాలో నల్లజాతి వాళ్ల చరిత్ర నెలగా జరుపుతారు. ఏటా ఆ దేశాధ్యక్షుడే ప్రకటన ఇస్తాడు. లొరెట్టమ్మ తన బడి హాల్లో ఆ సభ పెట్టేది. ఎంబసీ నుంచి ఒక దొర వచ్చి ఆ ప్రకటన చదివేవాడు, అందరూ లేచి నిలబడేవాళ్లు. తర్వాత పిల్లలు ఒక్కొక్కరు వచ్చి తమ నల్లజాతి పెద్దల గురించి చెప్పేవాళ్లు. రక్తాన్ని చెడిపోకుండా నిలవచేసే దారి చూపిన డాక్టరు, బస్సులో సీటు వదలనన్న ఆమె, వేరుశనగతో నూరు వస్తువులు చేసి చూపిన పండితుడు. వంటపని మద్దమ్మది, మోతపని నాది. తొంభయ్యో సంవత్సరం సభకు లొరెట్టమ్మ అలసందలు, బెండకాయలు తెప్పించి వండమంది. మద్దమ్మ నోరు తెరిచింది. "వలీ, ఈళ్లు అలసందలు తింటారంటనే. శెనక్కాయలు పండించే వాళ్లకు సభల్యో చప్పట్లు కొడతాండారు. మా నాయన ఈడ పుట్టింటే ఎంత బాగుండు" అంది.

సభ చివర లొరెట్టమ్మ ప్రతి ఏడూ ఒకే కథ చెప్పేది. వాళ్ల అమ్మమ్మ కథ. ఆమె ఒక తెల్లవాళ్ల ఇంట్లో వంటమనిషి. ఒకరోజు భోజనాలకు చుట్టాలొచ్చారు. ఏదో అడిగితే అమ్మమ్మ తలెత్తి, కళ్లలోకి చూసి జవాబు చెప్పింది. ఇంటామె అందరి ముందు చెంప మీద కొట్టింది. చుట్టాలు నవ్వారు. అమ్మమ్మ చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టి, వీధి తలుపులో నుంచి బయటికి నడిచి, మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఊళ్లో బట్టలుతికి కూతురిని చదివించింది. తలదించుకోవద్దని అమ్మమ్మ మా అమ్మకు, మా అమ్మ నాకు నేర్పారు, అని లొరెట్టమ్మ ముగించేది. నేను ఇంగ్లీషు దొరల దగ్గర డ్రైవరుగా చేసినవాణ్ణి, హాలు గోడకు ఆనుకుని అంతా విన్నాను. మద్దమ్మ వెనక గదిలో పళ్లేలు సర్దుతూ ఉండింది. ఇంగ్లీషు ఆమెకు రాదు కూడా.

ఆగస్టులో ఇరాకీ సైన్యం వచ్చింది. మా కఫీల్ కుటుంబం ఎండలకు కైరో పోయి అక్కడే చిక్కుకుపోయింది. బిల్డింగులో మిగిలింది నేను, మద్దమ్మ, పుస్తకాల గది సర్దాలని సెలవులకు పోకుండా ఆగిన లొరెట్టమ్మ. కొద్ది రోజులకు అమెరికా వాళ్లు, బ్రిటన్ వాళ్లు అందరూ వచ్చి హోటళ్లలో హాజరు కావాలని హుకుం వచ్చింది. అలా పోయినవాళ్లను ఎక్కడికి తీసుకుపోతున్నారో ఎవరికీ తెలియదు. దాచిపెట్టినవాళ్లకు ఉరి అన్నారు. మా వీధిలో ఇల్లిల్లూ సోదా మొదలైంది. జాబ్రియాలో మా కఫీల్ అక్క, ముసలామె, ఒంటరిగా ఉంది. ఎలాగైనా ఆ అమెరికా మనిషిని నా ఇంటికి చేర్చండి, నేను చూసుకుంటాను అని కబురు పెట్టింది. అంతే, సాల్మియా నుంచి జాబ్రియా. మామూలు రోజుల్లో ఒక బీడీ అయ్యేలోపు పోయే దారి. ఇప్పుడు ఫోర్త్ రింగ్ రోడ్డు మీద సైనికులు కాపు కాస్తున్నారు.

దారి కనిపెట్టింది మద్దమ్మే. "ఆ యమ్మను ఖద్దామాను చేస్తే ఎవురు చూస్తారు వలీ? ఈ దేశంల్యో ఖద్దామా మొగం ఎవురన్నా చూసినారా ఎప్పుడన్నా?" అంది. ఖద్దామా అంటే పనామె. ఆలోచిస్తే సబబుగానే తోచింది. పనివాళ్ల పాస్‌పోర్టులు కఫీళ్ల బీరువాల్లోనే ఉంటాయి, కాగితం లేని పనామెను చూసి ఎవరూ అనుమానపడరు. మద్దమ్మ తన పాత గౌను ఇచ్చింది, తలకు గుడ్డ చుట్టింది. రంగు అడ్డు రాలేదు. అడ్డొచ్చింది ఆ నడక. గదిలో అటూ ఇటూ నడిపించి, "అట్ల కాదు, భుజాలు దించు, నేల చూడు, నా ఎనక రా" అని సంజ్ఞలతో నేర్పింది. లొరెట్టమ్మ నేర్చుకుంది. కానీ ఆ నేర్చుకునేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. ఏ భంగిమను ఆమె ఇంట్లో మూడు తరాలు విడిచిపెట్టాయో, దాన్నే మళ్లీ పట్టుకోమంటున్నాం. "దారిలో ఏం జరిగినా మీరు మాట్లాడకండి" అని ఇంగ్లీషులో చెప్పాను. అలాగే అంది.

మిట్టమధ్యాహ్నం బయలుదేరాం. ఎండకు సైనికులు నీడన ఉంటారని నా లెక్క. వెనక సీట్లో వాళ్లిద్దరు, డిక్కీలో ముసలామెకు బియ్యం మూట. రోడ్డు మీద కారు ఆపారు. ఒక అధికారి జీపులో కూర్చుని ఉన్నాడు, ఒక సైనికుడు దగ్గరికి వచ్చాడు. పెదాలు పగిలి, కళ్లు ఎర్రగా, వాడు కూడా నిద్రాహారాలు లేకుండానే ఉన్నట్టుంది. డిక్కీ తెరిపించాడు, బియ్యం చూశాడు, దించమన్నాడు. వాళ్లిద్దరినీ కిందికి రమ్మన్నాడు, నన్ను స్టీరింగు వదలొద్దన్నాడు. లొరెట్టమ్మను చూపించి ఇది ఎవరని మద్దమ్మను అడిగాడు. "ఖద్దామా. హిందియా. జదీదా. అరబీ రాదు" అని మద్దమ్మ వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. పనామె, ఇండియా మనిషి, కొత్తది. వాడు నమ్మాడు. పని అయిపోయిందనుకున్నాను.

డిక్కీలో మూటను ఎత్తి దించడంలో మద్దమ్మకు ఆలస్యం అయింది. వాడు తుపాకి మడమతో ఆమె వీపు మీద పొడిచాడు. ఆమె మోకాళ్ల మీద పడింది. అంతే, లొరెట్టమ్మ తల లేచింది. "ఆమె మీద చెయ్యి వేయకు" అంది. ఇంగ్లీషులో, బడి హాల్లో మాట్లాడినట్టే, వాడి కళ్లలోకి చూస్తూ. వాడు వెనక్కి తిరిగాడు. జీపులో అధికారి సిగరెట్టు కింద పడేశాడు. వాడు ఒక అడుగు ముందుకు వేసి తుపాకి ఎత్తేలోపే మద్దమ్మ లేచింది, లొరెట్టమ్మ చెంప మీద కొట్టింది. అది వంటింట్లో కొత్తపిల్లలను కొట్టే దెబ్బ కాదు. ఆ చప్పుడు నాకు కారులో వినిపించింది.

"ఏమే, ఇంగిలీసు మామా ఇంట్లో నాలుగు దినాలు గిన్నెలు తోమితే నాలిక పెరిగిందా నీకు? నీ ఇంగిలీసు ఈడ చూపిస్తావా? నన్ను సంపుదామనేనా?" అని తెలుగులో కేకలు పెట్టింది. తర్వాత వాడి వైపు తిరిగి, అరబ్బీలో, ఇది మజ్నూనా, పిచ్చిది, ముందు ఇంగ్లీషు వాళ్ల ఇంట్లో పని చేసింది, ఆ నాలుగు ముక్కలు అందరి దగ్గరా వాగుతుంది, క్షమించు అంది. సైనికుడు అధికారి వైపు చూశాడు. అధికారికి నవ్వొచ్చింది. ఇండియా పనామె ఇండియా పనామెను తన్నడం ఆయనకు వినోదంగా తోచింది. జీపులో నుంచి చెయ్యి ఊపుతూ, ఇంకోసారి అన్నాడు.

మద్దమ్మ ఆగింది. నాకు బాగా గుర్తుంది, ఆగింది. ఆయన మళ్లీ అన్నాడు, ఈసారి నవ్వకుండా. మద్దమ్మ ఇంకోసారి కొట్టింది. లొరెట్టమ్మ ఈసారి తలదించుకుని ఉంది. గౌను అంచును రెండు చేతుల్తో పట్టుకుని, నేల చూస్తూ, అచ్చం ఖద్దామా లాగే. సైనికుడు, అధికారి ఇద్దరూ నవ్వారు. యల్లా, పొండి అన్నారు. బియ్యం ఉంచుకున్నారు.

జాబ్రియా ఇంట్లోకి పోయాక లొరెట్టమ్మ మద్దమ్మ వైపు తిరిగి థాంక్యూ అంది. మర్యాదగా, బడికి వచ్చిన తల్లిదండ్రులతో మాట్లాడినట్టు. మద్దమ్మ ముఖం వాడిపోయింది. వంటింట్లో ముసలామె డబ్బాలో మిగిలిన బియ్యం కడుగుతూ, "నా మీద కోపమా వలీ ఆ యమ్మకు? మన పద్ధతి తెలీదు గదా, నువ్వు చెప్పగూడదా?" అని అడిగింది. అప్పుడు చెప్పాను ఆ అమ్మమ్మ సంగతి. పళ్లెం, చుట్టాలు, చెంపదెబ్బ, నవ్వు, అన్నీ. మద్దమ్మ ఆ బియ్యాన్ని పిసుకుతూనే ఉంది, గింజలు నూకలయ్యేదాకా.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని లొరెట్టమ్మ గదికి పోయింది. నోరు తెరవబోతే లొరెట్టమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు నా ప్రాణం కాపాడావు. ఆ సంగతి ఇంక ఎత్తవద్దు, దయచేసి" అంది. మద్దమ్మ వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత వాళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కుండలో తిన్నారు, ఎదురుపడితే తప్పుకునేవాళ్లు. సెప్టెంబరులో ఆడవాళ్లను, పిల్లలను పోనిస్తామని ఇరాక్ ప్రకటించింది. లొరెట్టమ్మ విమానం ఎక్కింది. పోయేటప్పుడు మద్దమ్మను కౌగిలించుకుంది. మద్దమ్మ చేతులు కిందికే వేలాడుతున్నాయి, ఎత్తి పట్టుకునే ధైర్యం చాల్లేదు పాపం. నన్ను కూడా మనవాళ్లు అమ్మాన్ దారిలో ఊరికి చేర్చారు. మద్దమ్మ రానంది. ముసలామెను వదిలి రాలేనంది. నాకు తెలుసు, అది సగం కారణమే. ఊరికి పోతే లొరెట్టమ్మ కబురు ఇంక ఎప్పటికీ తెలియదని ఆమె భయం.

ఇరాకీలు పోయాక నేను తిరిగి వచ్చాను. చమురు బావుల పొగకు ఊరంతా మసి. మద్దమ్మ చిక్కి సగమైంది, నోరు కూడా తగ్గింది. అది నాకు నచ్చలేదు. కారు సరిగా కడగకపోయినా ఏమీ అనేది కాదు. తొంభై రెండు మొదట్లో లొరెట్టమ్మ తిరిగి వచ్చింది, బడి తెరిచారు. ఫిబ్రవరి సభకు మమ్మల్నిద్దర్నీ పిలిచింది. వంటకు కాదు, ముందు వరసలో కూర్చోవడానికి. మద్దమ్మకు రాత్రంతా జ్వరం. "ఆ యమ్మ నన్ను అందరి ముందర నిలబెట్టి అడగతాది వలీ. అడగనీ. వస్తా" అంది.

హాల్లో ఉండే పియానో లేదు, ఇరాకీలు లాక్కుపోయారు. కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. అయినా జనం నిండారు. ఎడారిలో ఇరాకీలతో యుద్ధం చేసిన అమెరికా నల్లజాతి సైనికులు కొందరు యూనిఫారాల్లో వచ్చారు. ఎంబసీ దొర అధ్యక్షుడి ప్రకటన చదివాడు, లేచి నిలబడ్డాం. పిల్లలు చెప్పారు. లొరెట్టమ్మ లేచి, అమ్మమ్మ కథ చెప్పింది. ఆగింది. ఈ ఏడు ఇంకో దెబ్బ సంగతి కూడా చెబుతాను అంది. నేను మద్దమ్మ చెవిలో తెలుగు చేస్తూ పోయాను. రోడ్డు, సైనికుడు, మద్దమ్మ వీపు మీద పడిన తుపాకి మడమ, ఆమె కొట్టిన దెబ్బ. ఆ దెబ్బ నన్ను బతికించింది, మన చరిత్రలో మనల్ని బతికించిన చేతులు మనవాళ్లవే కానక్కర్లేదు, ఇదిగో ఆ చెయ్యి, అని మద్దమ్మను చూపించింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. సైనికులు కూడా.

మద్దమ్మ లేవలేదు. "ఎన్నని చెప్పింది?" అంది.

"ఏంది?"

"దెబ్బలు. ఎన్నని చెప్పింది ఆ యమ్మ?"

"ఒకటే చెప్పిందక్కా."

మద్దమ్మ లేచింది. అందరూ దండం పెట్టడానికి లేచిందనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆమె నేరుగా వేదిక దగ్గరికి నడిచింది, నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "చెప్పు వలీ, నేను చెప్పింది చెప్పినట్ల చెప్పు. రొండు దెబ్బలు. మొదటిది మా పద్ధతి. రేపు మళ్ల అట్ల అయినా కొడతా, దానికి నేను ఎవురినీ ఏమీ అడగను. రొండోది వాడు నవ్వుకోను కొట్టమన్న్యాడు. నేను కొట్టినా."

ఇంగ్లీషులో చెప్పాను. చప్పట్లు ఆగిపోయాయి. లొరెట్టమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదు మద్దమ్మా. కొట్టకపోతే వాడు కాల్చేవాడు. రెండూ నన్ను కాపాడినవే" అంది. తెలుగులో చెప్పాను.

"కాపాడేది వేరు, చెంప వేరు" అంది మద్దమ్మ. "ఒక మాట అడుగు. వాళ్లవ్వను కొట్టినామె, నవ్వినోళ్లు, ఎవురన్నా ఒక దినమన్నా వచ్చి తప్పైందని అడిగినారా?"

అడిగాను. ఎంబసీ దొర చేతిలో ప్రకటన కాగితం పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు.

"లేదు. ఎవరూ రాలేదు. అమ్మమ్మ చచ్చిపోయేదాకా ఎవరూ రాలేదు" అంది లొరెట్టమ్మ.

"అయితే నేనడగతాండా. తప్పైంది తల్లీ" అంది మద్దమ్మ. రెండు చేతులూ జోడించింది. ఈసారి ఆమె నేల చూడలేదు, లొరెట్టమ్మ కళ్లలోకే చూసింది.

నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాను. ఇంక ఆ సంగతి ఎత్తవద్దని లొరెట్టమ్మ ఈసారి అనలేదు. వేదిక మెట్ల మీద కూలబడింది. మద్దమ్మ పక్కన కూర్చుంది. లొరెట్టమ్మ ఏడుస్తూ ఏదో అంది, మద్దమ్మ నా వైపు చూసింది, ఏమంటాందని.

"మా అమ్మమ్మ ఈ మాట వినాల్సింది అంటోందక్కా" అని చెప్పాను.